పళ్లు లేని రక్తపిశాచి

(జగిత్యాలలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మన సైన్సు సార్ పేరు మీద జరిగే ఉపన్యాసంలో రక్తపిశాచాల సినిమాల ముచ్చట ఎందుకని నిర్వాహకుల్లో ఒకరిద్దరు అడిగారు. అడగవలసిన మాటే. బతుకంతా హైస్కూళ్లలో సైన్సు చెప్పిన మనిషి ఆయన. దయ్యాల కథలంటే ఆయనకు గిట్టదని చాలామంది అనుకునేవారు. కానీ ఫలానా చోట ఏదో కనిపించిందని ఎవరైనా వచ్చి చెబితే ఆయన కొట్టిపారేయలేదు, నవ్వలేదు. అందులో నువ్వు కళ్లారా చూసిందెంత, ఇంకొకరు చెబితే విన్నదెంత అని ఓపికగా విడదీయించేవారు. నేను ఇవాళ మాట్లాడే పాత సినిమాలు రెండూ ఆ పనే చేస్తాయి. వాటి మీదుగా మన జిల్లాల్లో మంత్రాల నెపంతో జరిగే హత్యల దాకా వెళ్లాలని నా ఉద్దేశం. నాకు అసలు కావలసింది ఆ రెండో విషయమే.

రక్తపిశాచి అనగానే మన కళ్లముందుకొచ్చే బొమ్మను సినిమాయే తయారు చేసింది. 1922లో జర్మన్ దర్శకుడు ముర్నౌ తీసిన మూకీ చిత్రం ‘నోస్‌ఫెరాటు’లో ఎలుకలను, ప్లేగును వెంటబెట్టుకుని ఓడ దిగే బోడితల మనిషి, 1931లో అమెరికాలో బేలా లుగోసి వేసిన ‘డ్రాక్యులా’, 1958లో ఇంగ్లండువాళ్లు రంగుల్లో తీసిన డ్రాక్యులాలో క్రిస్టఫర్ లీ కోరలు. నల్లని నిలువుటంగీ, పాడుబడిన కోట, జమీందారు హోదా, పొడుగాటి పళ్లు. చూడదగ్గ సినిమాలే. కాకపోతే ఆ బొమ్మ కింద ఒక నిజం మరుగున పడిపోయింది. యూరప్ పల్లెల్లో ఈ నమ్మకం గట్టిగా ఉన్న రోజుల్లో రక్తపిశాచి అంటే కోటలోని దొర కాదు. మొన్న చచ్చిపోయిన పక్కింటి రైతు. లేదంటే సొంత కూతురు.

1725లో సెర్బియాలోని కిసిల్యెవో అనే పల్లెలో ఒక రైతు చనిపోయాడు. తర్వాత ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది చనిపోయారు. ఆ చచ్చినవాడే రాత్రిళ్లు వచ్చి మమ్మల్ని అదుముతున్నాడని పోయేముందు కొందరు చెప్పారట. ఊరంతా కలిసి సమాధి తవ్వించి శవం గుండెల్లో మేకు దించి తగలబెట్టింది. ఆస్ట్రియా ప్రభుత్వ అధికారి ఒకడు పక్కనే నిలబడి అంతా రాసుకున్నాడు. 1732లో అదే సెర్బియాలోని మెద్వెద్యా గురించి సైనిక వైద్యుడు ఫ్లూకింగర్ ఇంకా వివరంగా నివేదిక రాశాడు. శవాలు ఉబ్బి ఉన్నాయి, నోటి దగ్గర రక్తం ఉంది, గోళ్లు కొత్తగా పెరిగినట్టున్నాయి అన్నాడు. వాళ్లు చూసింది నిజమే. శవం కుళ్లేటప్పుడు లోపల వాయువులు చేరి ఉబ్బుతుంది, ఎర్రటి ద్రవం నోటి గుండా బయటికి వస్తుంది, చర్మం ముడుచుకుపోవడంతో గోళ్లు పెరిగినట్టు కనిపిస్తాయి. చూసిన కళ్లు సరిగ్గానే చూశాయి. ఆ చూసినదానికి అప్పటికే చెవిన పడిన కథను తగిలించారు. 1755లో ఆస్ట్రియా మహారాణి మారియా థెరెసా ఇలాంటి కేసును విచారించమని తన వైద్యులను పంపింది. ఆమె ఆస్థాన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ ఇదంతా అజ్ఞానం, భయం తప్ప మరేమీ కాదని తేల్చి రాశాడు. సమాధులు తవ్వడాన్ని, శవాలను శిక్షించడాన్ని ఆమె నిషేధించింది.

నిషేధంతో నమ్మకం పోలేదు. 1892 సంగతి చూడండి. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం, ఎక్సెటర్ అనే చిన్న ఊరు. జార్జ్ బ్రౌన్ అనే రైతు ఇంట్లో మొదట భార్య, ఆ తర్వాత పెద్ద కూతురు క్షయతో పోయారు. కొన్నేళ్లకు కొడుకు ఎడ్విన్‌కు అదే జబ్బు పట్టుకుంది. 1892 జనవరిలో పందొమ్మిదేళ్ల కూతురు మెర్సీ కూడా పోయింది. చచ్చినవాళ్లలో ఎవరో ఎడ్విన్ ప్రాణం తోడేస్తున్నారని ఇరుగుపొరుగు తండ్రిని ఒత్తిడి చేశారు. తండ్రికి నమ్మకం లేదు, అయినా ఒప్పుకున్నాడు. మార్చిలో శవాలు బయటికి తీశారు. చలికాలం గనక మెర్సీ శరీరం పెద్దగా పాడవలేదు. పరీక్షించిన డాక్టరు ఊపిరితిత్తుల్లో క్షయ ఆనవాళ్లు ఉన్నాయని చెప్పాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. గుండె కాల్చి ఆ బూడిద కలిపి ఎడ్విన్‌తో తాగించారు. రెండు నెలలకు ఎడ్విన్ కూడా పోయాడు.

రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టి అప్పటికి పదేళ్లు. అంటే జబ్బుకు కారణం లోకానికి తెలుసు, ఆ ఊరి డాక్టరుకూ తెలుసు. దానికి మందు మాత్రం ఇంకా లేదు. చికిత్స లేని చోట కారణం తెలిసినా అది ఊరడించదు. ఏదో ఒకటి చేశామన్న తృప్తి కావాలి జనానికి. నమ్మకం లేని ఆ తండ్రి ఎందుకు తలూపాడన్నదే ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టే ప్రశ్న. రేపు కొడుకు పోతే, చెప్పినా వినలేదని ఊరు తననే అంటుంది. ఆ మాటకు జడిసే వెళ్లి ఉంటాడని నా అనుకోలు. మన దగ్గర భూతవైద్యుడి గడప తొక్కేవాళ్లంతా నమ్మకంతో వెళ్తారని అనుకోకండి. ఇంటిల్లిపాదీ పోరుపెడితే, ఈ ఒక్కటీ ఎందుకు వదలాలని వెళ్లేవాళ్లే చాలామంది.

ఇక సినిమాలకు వస్తాను. 1940లలో హాలీవుడ్‌లోని ఆర్‌కేవో సంస్థలో వాల్ లూటన్ అనే నిర్మాత ఉండేవాడు. సంస్థ భయపెట్టే పేర్లిచ్చి, కొద్ది డబ్బిచ్చి సినిమాలు తీయమనేది. ఆయన ఆ పేర్లకు మనుషుల మనసుల్లోని భయాల కథలు రాయించేవాడు. 1945లో ఆయన నిర్మాణంలో మార్క్ రాబ్సన్ దర్శకత్వం వహించిన ‘ఐల్ ఆఫ్ ది డెడ్’ చూడండి. 1912 బాల్కన్ యుద్ధకాలం, గ్రీసు దగ్గర చిన్న లంక. ఒక ఇంట్లో కొందరు చిక్కుకుపోతారు. ప్లేగు వచ్చిందని డాక్టరు చెబుతాడు, ఎవరూ లంక దాటి పోకూడదంటాడు. వేడిగాలి తిరిగితే జబ్బు మోసే గోమార్లు చస్తాయి, అంతవరకు చేతులు కడుక్కుంటూ, ఒకరికొకరు దూరంగా ఉంటూ ఆగాలంటాడు. బోరిస్ కార్లోఫ్ వేసిన సైన్యాధికారి పాత్ర మొదట డాక్టరు మాటే శాసనంగా అమలు చేస్తుంది. ఆయన కరకు మనిషే కానీ మూఢుడు కాడు.

తర్వాత డాక్టరే ప్లేగుతో చచ్చిపోతాడు. అక్కడి నుంచి ఆ సైన్యాధికారి మొహాన్ని గమనించాలి. ఆ ఇంట్లో పనిచేసే ముసలామె మొదటి నుంచీ ఒక పడుచుపిల్ల మీద గుసగుసలు పోతూ ఉంటుంది. ఆ పిల్ల సేవ చేసే యజమానురాలు నానాటికీ పాలిపోతోంది, ఈ పిల్ల నిగనిగలాడుతోంది, కనుక ఈమె ‘వోర్వొలాకా’, అంటే ప్రాణం పీల్చేది, అని ముసలామె లెక్క. నిన్నటిదాకా ఆ మాటలను పట్టించుకోని మనిషి ఇప్పుడు పిల్ల గది ముందు కాపలా కూర్చుంటాడు. సైన్సు మీద ఆయనకున్న నమ్మకం కూడా నిజానికి భయమే. కాపాడుతుందన్నంత కాలం దాన్ని పట్టుకున్నాడు, డాక్టరు పోగానే దాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకున్నాడు. ఒకచోట నిశ్చేష్ట జబ్బున్న ఆ యజమానురాలిని చచ్చిందనుకుని శవపేటికలో పెట్టేస్తారు. చీకట్లో నీటిచుక్కలు టపటపా పడుతుంటాయి, కాసేపటికి లోపలి నుంచి గోళ్లతో గీకుతున్న చప్పుడు వస్తుంది. ఈ సినిమాలో నిజమైన భయానకం అదొక్కటే. అందులో మంత్రం లేదు, తొందరపడి చేసిన పొరపాటు ఉంది.

రెండో సినిమా గురించి ఎక్కువ మాట్లాడాలి. జార్జ్ రొమేరో పేరు 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ వల్ల మీలో చాలామందికి తెలుసు. 1978లో విడుదలైన ‘మార్టిన్’ తన సినిమాల్లో తనకు ఇష్టమైనదని ఆయన చెప్పుకునేవాడు. తక్కువ డబ్బుతో, 16 ఎంఎం కెమెరాతో, పిట్స్‌బర్గ్ పక్కనున్న బ్రాడక్ అనే ఉక్కు ఊళ్లో తీశాడు.

రాత్రి రైల్లో మొదలవుతుంది. మార్టిన్ అనే బక్కపలచని కుర్రాడు ఒక స్త్రీ ఉన్న పెట్టె తలుపు బయట నిలబడతాడు. నలుపు తెలుపులో అతని ఊహ కనిపిస్తుంది: ఆమె చేతులు చాచి తన కోసం ఎదురుచూస్తున్నట్టు. తలుపు తీశాక రంగుల్లో అసలు సంగతి కనిపిస్తుంది: మొహానికి లేపనం రాసుకుని, బాత్‌రూములోంచి వస్తున్న మామూలు ఆడమనిషి. ఆమె తిడుతుంది, తన్నుతుంది, గింజుకుంటుంది. అతని దగ్గర కోరలు లేవు. మత్తు ఇంజక్షను ఉంది, బ్లేడు ఉంది. నొప్పి లేకుండా చేస్తానని బతిమాలుతూ ఆమె స్పృహ తప్పేదాకా పట్టుకుంటాడు, మణికట్టు కోసి రక్తం తాగుతాడు, తర్వాత అది ఆత్మహత్యలా కనిపించేట్టు అన్నీ సర్దుతాడు. ఈ దృశ్యాన్ని రొమేరో వేగంగా నడిపించడు. హత్య ఎంత వికారంగా, ఎంత శ్రమగా ఉంటుందో పూర్తిగా చూపిస్తాడు. కోరల సినిమాల్లో మెడ మీద రెండు చుక్కలతో పని అయిపోతుంది. ఇక్కడ ఒక మనిషి ప్రాణం పోవడానికి ఎంతసేపు పడుతుందో మనం కూర్చుని చూడాలి.

బ్రాడక్‌లో అతన్ని ఇంట్లో పెట్టుకునేది ‘కూడా’ అనే పేరున్న ముసలి బంధువు. కిరాణా దుకాణం నడుపుతాడు, తప్పకుండా చర్చికి పోతాడు. మార్టిన్ తమ వంశానికి పట్టిన పాత శాపమని, ఎనభై దాటిన రక్తపిశాచి అని ఆయన నమ్మకం. మార్టిన్ కూడా తన వయసు అంతేనంటాడు. ఇంటినిండా వెల్లుల్లి, శిలువలు. మార్టిన్ ఆ వెల్లుల్లిని కొరికి చూపిస్తాడు, శిలువను చెంపకు ఆనించుకుంటాడు. మంత్రమనేది లేదని ముసలాయనకు పదేపదే చెబుతాడు. ఒక రాత్రి నల్లని అంగీ వేసుకుని, మొహానికి తెల్లరంగు పూసుకుని, ప్లాస్టిక్ కోరలు పెట్టుకుని ముసలాయనను హడలగొట్టి, ఆ కోరలను నోట్లోంచి ఉమ్మేస్తాడు. వేషమని కళ్లముందే తేల్చి చెప్పాడు. ముసలాయన నమ్మకం వెంట్రుకవాసి కూడా కదలదు.

ముసలాయన పెట్టే షరతు మీదే నా వాదన అంతా నిలబడుతుంది. ముందు నీ ఆత్మను రక్షిస్తాను, ఆ తర్వాత నిన్ను నాశనం చేస్తానంటాడు. ఈ ఊళ్లోవాళ్ల జోలికి వెళ్లావని ఒక్కసారి విన్నా ఊరుకోనంటాడు. అంటే ఏమిటి? పక్క ఊళ్లో అయితే పట్టింపు లేదనే కదా! అతన్ని రాక్షసుడని నమ్మడం వల్ల ముసలాయన పోలీసులకు చెప్పడు, డాక్టరుకు చూపించడు. భూతాన్ని వదిలించడానికి పాదిరీని పిలిపిస్తాడు. ఆ మధ్యలో మార్టిన్ బయటికి వెళ్లి మనుషులను చంపుతూనే ఉంటాడు. మూఢనమ్మకం అమాయకుణ్ని బలి తీసుకుంటుందని మనం అంటుంటాం. రొమేరో ఇంకో అడుగు ముందుకు వేశాడు: నిజంగా హంతకుడు ఎదురుగా ఉన్నా ఆ నమ్మకం అతన్ని ఆపలేదు. జబ్బుమనిషిని, నేరస్థుణ్ని, ఇద్దరినీ అది కళ్లకు కనబడకుండా చేస్తుంది.

చివర ఏమవుతుందో చెప్పేస్తాను, ఎందుకంటే ఈ సినిమా విలువ ముగింపు తెలియకపోవడంలో లేదు. ఊళ్లో శాంటీనీ అనే ఒంటరి గృహిణి మార్టిన్‌ను దగ్గరకు తీస్తుంది. ఇష్టపడ్డ మనిషి దగ్గర అతనికి రక్తదాహం తగ్గుతుంది. దిగులు తట్టుకోలేక ఆమె స్నానాల తొట్టిలో మణికట్టు కోసుకుని చనిపోతుంది. ఆ చావుకు మార్టిన్‌కు సంబంధం లేదు. ముసలాయన విచారించడు, ఒక్క ప్రశ్న కూడా అడగడు. నిద్రలో ఉన్న కుర్రాడి గుండెలో మేకు దించి పెరట్లో పాతిపెడతాడు. చేసిన హత్యల్లో ఒక్కదానికీ శిక్ష పడలేదు, చేయనిదానికి పడింది. పైగా హత్యలను ఆత్మహత్యలుగా కనిపించేట్టు సర్దిన మనిషి, ఒక నిజమైన ఆత్మహత్య హత్యగా కనిపించడం వల్ల పోతాడు.

ఆ ఊరిని కూడా చూడాలి. బ్రాడక్‌లో ఆండ్రూ కార్నెగీ 1875లో ఎడ్గర్ థామ్సన్ ఉక్కు మిల్లు పెట్టాడు. అమెరికాలో ఆయన కట్టించిన మొదటి గ్రంథాలయం కూడా 1889లో అక్కడే వెలిసింది. ఒకప్పుడు ఇరవై వేల మంది బతికిన ఊరు. సినిమా తీసేనాటికి షట్టర్లు వేసిన దుకాణాలు, పాతకార్లను నలిపే యంత్రాలు, పనిలేక వలసపోయే యువకులు. ఇప్పుడు అక్కడి జనాభా రెండు వేలు కూడా లేదు. ముసలాయన మనవరాలు క్రిస్టీనా ఆ ఇంట్లో మార్టిన్‌ను మనిషిగా చూసే ఒకే ఒక్క మనిషి. ఆమె ఊరు విడిచి పోతుంది. అడ్డుచెప్పే ఒక్కరూ వెళ్లిపోయాకనే మేకు దిగుతుంది.

సిరిసిల్ల మిత్రులకు ఈ ఊరి సంగతి నేను విప్పి చెప్పనక్కర్లేదు. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగిన వాడల్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మీకు తెలుసు. తొంభైల చివరి నుంచి నేతన్నల ఆత్మహత్యలతో పత్రికలు సిరిసిల్లను ఉరిసిల్ల అని రాసిన రోజులున్నాయి. ఆసాముల అప్పులు, భీమండి వలసలు, ఆర్డర్ల కోసం ఎదురుచూపులు. పెట్టుబడిదారుడే రక్తపిశాచి అని ఇక్కడ ఎవరైనా ముక్తాయింపు ఇవ్వవచ్చు, మార్క్స్ కూడా ఆ పోలిక వాడాడు. నాకు ఆ దారి ఇష్టం లేదు. పోలికగా వాడితే రక్తపిశాచి అనే మాటకు పదును వస్తుందేమో గానీ, నిజంగా ఆ ముద్ర వేయించుకుని చచ్చినవాళ్లు మన మధ్య ఉన్నారు. వాళ్లను పోలిక కింద తోసేయకూడదు.

2022 జనవరిలో మన జగిత్యాల పట్టణంలోనే, తారకరామానగర్‌లో, కులసంఘం సమావేశం జరుగుతుండగా ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కొడుకులను పొడిచి చంపారు. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానమే కారణమని పత్రికలన్నీ రాశాయి. మారుమూల అడవిపల్లె కాదు, జిల్లా కేంద్రం. ఆసుపత్రి ఉంది, కాలేజీలున్నాయి, పోలీసు ఠాణా ఉంది. చీకట్లో కాపుకాసి చేసింది కాదు, నలుగురూ కూర్చున్న చోట చేసింది.

ఇలాంటి కేసుల గురించి చదివిన కొద్దీ వరస దాదాపు ఒక్కటేనని తెలుస్తుంది. ఇంట్లో ఒకరికి పానం బాగుండదు. ఆర్‌ఎంపీ దగ్గర మందులు, తర్వాత కరీంనగర్‌లో ప్రైవేటు దవాఖాన, పరీక్షలు, అప్పు. తగ్గదు, లేదా తగ్గి మళ్లీ వస్తుంది. ఈలోపు ఇంకొకరు పడతారు. ఎవరో భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. ఆయన పేరు చెప్పడు. మీ దగ్గరివాళ్లే, మీ ఇంటికి ఫలానా దిక్కున ఉంటారు, మీ అన్నం తిన్నవాళ్లే అంటాడు. ఆ ఖాళీని నింపేది ఇంటివాళ్లే. గెట్టు పంచాయితీ ఉన్న పాలివాడు, పెళ్లిలో మాటపట్టింపు వచ్చిన చుట్టం, పసరు మందులిచ్చే ముసలాయన, ఒంటరిగా ఉండే విధవ మేనత్త, ఎవరో ఒకరి పేరు అందులో సరిగ్గా ఇమిడిపోతుంది. అక్కడి నుంచి ఆ మనిషి నిమ్మకాయ కొన్నా సాక్ష్యమే, అమావాస్య నాడు పొలం వెళ్లినా సాక్ష్యమే. అతను పలకరిస్తే పలకరించాడని, పలకరించకపోతే తప్పించుకు తిరుగుతున్నాడని అంటారు.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు దీనికి తోడు ఇంకొకటుంది. మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీల్లో, ఆడవాళ్లు ఇంటి దగ్గర చాట ముందు బీడీలు చేస్తూ. నలభై ఏళ్ల మనిషి రాత్రి పడుకుని తెల్లారి లేవలేదని కబురు వస్తుంది. పెట్టె రావడానికి వారాలు పడుతుంది. కాగితంలో గుండె ఆగిందని రాసి ఉంటుంది. గట్టిగా ఉన్న మనిషి గుండె ఎందుకు ఆగిందో ఆ ఇల్లాలికి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఎండలో పని గురించి, ఒంట్లో నీరు తగ్గడం గురించి, చూపించుకోని బీపీ గురించి ఎవరైనా పక్కన కూర్చుని అరగంట మాట్లాడితే ఆమె వింటుంది. అది జరగనప్పుడు ఇంకొకరు వచ్చి ఇంకొక కారణం చెబుతారు.

ఇక పళ్ల సంగతి. మన తెలంగాణ జిల్లాల్లో మంత్రాలు చేస్తున్నారని అనుమానించిన మనిషిని స్తంభానికి కట్టేసి పటకారుతో పళ్లు పీకిన ఘటనలు ఎన్నో జరిగాయి. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకలేడని, పలకకపోతే పారదని నమ్మకం. లోకమంతా చూసిన సినిమాల్లో పళ్లు రాక్షసుడివి, వాటికి బలయ్యేవాడు మనిషి. ఇక్కడ నోరు చీరుకుపోయి రక్తం కక్కుతూ కూర్చున్న మనిషినే రాక్షసుడంటున్నారు. అతని నోటి రక్తం అతనిదే. మార్టిన్‌కు రొమేరో కోరలు పెట్టకపోవడం నాకు ఎంత పెద్ద విషయమో ఆ ఘటనల గురించి చదివిన తర్వాతే అర్థమైంది.

ఈ నేలకు ఇంకో చరిత్ర కూడా ఉంది కాబట్టి నాకు బాధ రెట్టింపు. ‘మార్టిన్’ విడుదలైన ఆ 1978లోనే రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాది అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. రైతుకూలీలు తమ కష్టానికి కారణమెవరో పేర్లతో సహా చెప్పి, దొరలను సాంఘికంగా బహిష్కరించిన నేల ఇది. భూమి ఎవరు లాక్కున్నారు, వెట్టి ఎవరు చేయించుకున్నారు అన్నది కళ్లారా చూసిన సంగతి, దాన్ని నిలదీయగలిగారు. జబ్బు విషయంలో, చావు విషయంలో మాత్రం వేలు తనకన్నా బలహీనుడి వైపే చూపింది. దొరను చూసి భయం పోయిన చోట పాలివాణ్ని చూసి భయం ఎందుకు మిగిలింది? నా దగ్గర పూర్తి సమాధానం లేదు. దవాఖాన మనకు నమ్మదగ్గ చోటుగా, అందుబాటులో ఉండే చోటుగా ఇంకా మారలేదన్నది అందులో ఒక పెద్ద భాగమని నా నమ్మకం.

మన సినిమా ఏం చేస్తోందో కూడా చూడాలి. అంతకుముందే యండమూరి నవల ‘తులసిదళం’ ఒక తరం పాఠకుల్లో చేతబడి బొమ్మను గట్టిగా నాటింది. రాంగోపాల్ వర్మ 1992లో ‘రాత్రి’ తీసినప్పుడు శబ్దంతో, ఖాళీ గదులతో భయపెట్టడం మనకు కొత్త, నైపుణ్యంలో అది మేలైన సినిమా. 2023లో ‘విరూపాక్ష’ వచ్చింది. క్షుద్రపూజల అనుమానంతో ఊరివాళ్లు ఒక జంటను కాల్చి చంపడంతో కథ మొదలవుతుంది. ఆ దృశ్యం చూసినప్పుడు, ఎట్టకేలకు మనవాళ్లు ఈ కథ చెబుతున్నారని నాలో ఆశ పుట్టింది. తర్వాత ఊరి మీద పడే చావులన్నీ నిజంగా మంత్రం వల్లే జరుగుతాయి. బాగా తీసిన సినిమా, జనం ఆదరించారు, కాదనను. కానీ కెమెరా ఒకసారి మంత్రం పారినట్టు చూపించాక, ఆ జంటను తగలబెట్టిన ఊరి అనుమానం సబబే అయిపోతుంది. ప్రేక్షకుడు కళ్లారా చూశాడు మరి. ఇంటికి వెళ్లాక సినిమా మరిచిపోతాడు, చూశానన్న భావన మిగులుతుంది.

లూటన్, రొమేరో చేయనిది సరిగ్గా ఇదే. వాళ్ల కెమెరా నమ్మకానికి సాక్ష్యం చెప్పదు. మార్టిన్‌కు వచ్చే నలుపు తెలుపు దృశ్యాలు, పాతకాలపు దుస్తులు, దివిటీలు పట్టుకున్న గుంపు, అవి జ్ఞాపకాలో, చూసిన సినిమాల తాలూకు ఊహలో రొమేరో తేల్చడు. ఎవరు ఏం నమ్ముతున్నారో చూపిస్తాడు, ఏం జరిగిందో చూపిస్తాడు, రెంటినీ కలపడు. దీనివల్ల భయం తగ్గలేదు. నాకైతే ‘మార్టిన్’లోని ఆ ముసలాయన మొహం చూస్తే కలిగే భయం ఏ కోరలను చూసినా కలగలేదు. ఆయన చెడ్డవాడు కాడు, దిక్కులేని బంధువుకు తిండిపెట్టిన మనిషి. ధర్మం నెరవేరుస్తున్నానన్న నిశ్చింతతో చంపుతాడు.

బాణామతి కథను అనుమానించినవాళ్ల ఇంట్లోంచి కాక, అనుమానానికి గురైనవాళ్ల ఇంట్లోంచి చెప్పే తెలుగు సినిమా కావాలి. పలకరింపులు ఒక్కొక్కటే ఆగిపోవడం, బావి దగ్గర చోటివ్వకపోవడం, పిల్లలను ఆటలోకి రానివ్వకపోవడం, కులపెద్దల నుంచి కబురు. దానికి కోట్ల గ్రాఫిక్స్ అక్కర్లేదు. ఇక్కడి యువకులు ఫోన్లతో పొట్టి చిత్రాలు తీస్తున్నారు, కరీంనగర్ ఫిలిం సొసైటీ లాంటివి మంచి సినిమా చూసే అలవాటును ఈ ప్రాంతంలో పెంచాయి. చేయగలరు.

సినిమాతోనే పని కాదని నాకూ తెలుసు. 1999లో బీహార్, 2001లో జార్ఖండ్ తెచ్చిన చట్టాల్లో ఒక మనిషిని మంత్రగత్తె అని ముద్రవేయడమే నేరం. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణెలో కాల్చి చంపాక, ఆయన ఏళ్ల తరబడి అడిగిన చట్టం మహారాష్ట్రలో వచ్చింది. కర్ణాటక 2017లో చట్టం చేసింది. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. హత్య జరిగాక హత్య కేసు పెడతారు, అంతే. పేరు బయటికి వచ్చిన రోజుకూ, కత్తి బయటికి వచ్చిన రోజుకూ మధ్య చాలా కేసుల్లో వారాలు, నెలలు ఉంటాయి. ఊళ్లో టీచరుకు, ఆశా కార్యకర్తకు, సర్పంచుకు, కులపెద్దకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. ముద్రవేయడమే నేరమైతే ఆ వారాల్లోనే ఠాణాకు వెళ్లే వీలుంటుంది. పోలీసు కళాబృందాలు, జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఊళ్లలో చేసే ప్రదర్శనలు మేలే చేస్తున్నాయి, అవి సాగాలి. వాటితోపాటు ఇంకొకటి అడుగుతాను: ఆకస్మికంగా చావు జరిగిన ప్రతి ఇంటికీ, పోస్టుమార్టం కాగితంలో రాసిందేమిటో తెలుగులో చదివి, ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషిని ప్రభుత్వ దవాఖాన పంపాలి. మారియా థెరెసా 1755లో ఒక పల్లెకు తన వైద్యులను పంపగలిగింది. మన జిల్లాకు ఒక వైద్య కళాశాల ఉంది.

కాసేపట్లో ఇక్కడే ‘మార్టిన్’ చూపిస్తున్నారు. నిడివి గంటా ముప్పై అయిదు నిమిషాలు. రైలు దృశ్యం కొందరికి కష్టంగా ఉండవచ్చు, పిల్లలుంటే బయటికి తీసుకెళ్లండి. చూసేవాళ్లు దయచేసి ఒకటి గుర్తుపెట్టుకోండి: శాంటీనీ చనిపోయిన వార్త వచ్చినప్పటి నుంచి చివరిదాకా ఆ ముసలాయన ఎవరితో ఏం మాట్లాడాడో, ఎవరిని ఏం అడిగాడో గమనించండి. సినిమా అయ్యాక తలుపులు మూయరు, మైకు తీయరు. దాని మీద మాట్లాడుకుందాం. తారకరామానగర్ నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా మాట్లాడదలిస్తే ముందు వాళ్లకే అవకాశమిద్దాం.